తిన్నమ్మ నీళ్లలో కట్టిన ఇల్లు

ఒకప్పుడు నీళ్లలో కంటికి కనబడనంత చిన్న నలుసులు ఎక్కడివక్కడ ఒంటరిగా తిరిగేవి. ప్రతి నలుసుకూ రెండు వైపులు. తలకేమో నీళ్లంటే ఎంతో ఇష్టం. కాళ్లకేమో నీళ్లంటే చచ్చేంత భయం. తల హాయిగా తడుస్తుంటే కాళ్లు గజగజ వణికేవి.

వాళ్లలో బుంగక్కది పెద్ద తల, సన్నటి కాళ్లు. ఒకరోజు తనలాంటి వాళ్లందర్నీ పిలిచింది.

"తలలు బయటికి, కాళ్లు లోపలికి పెట్టండే!" అంది.

అందరూ గుండ్రంగా చేరి కాళ్లు మధ్యలోకి చాపారు. చక్కటి ఉండ అయింది. కాళ్లకి ఒక్క చుక్క తగల్లేదు.

అది చూసి తిన్నమ్మ పరుగున వచ్చింది. ఆమె తల ఎంత వెడల్పో కాళ్లూ అంతే వెడల్పు.

"అక్కా, నన్నూ రానివ్వవే. కాళ్లు కొంకర్లు పోతున్నాయి."

"రా తల్లీ" అని బుంగక్క జరిగింది. తిన్నమ్మ దూరింది. లోపల చోటు చాలలేదు. ఉండ పగిలిపోయి అందరి కాళ్లూ తడిశాయి.

తిన్నమ్మ తలొంచుకుని ఏడుస్తూ బయటికి వచ్చేసింది.

"ఎందుకమ్మా ఏడుపు?" అని చుట్టూ ఉన్న నీళ్లవ్వ అడిగింది.

"నా కాళ్లు లావు అవ్వా. నేనెక్కడా పట్టను."

"నేను తగిలితే నీకు బాధ. పక్కకి పోదామంటే అంతటా నేనేనాయె. ఏం చెయ్యను బంగారూ?" అని అవ్వ నొచ్చుకుంది. "అదిగో, అక్కడ అచ్చం నీలాంటిదే ఒకతి ఏడుస్తోంది. వెళ్లి పలకరించు."

ఆమె పేరు నిటారి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూశారు. సందు లేకుండా సరిపోయారు! అలాంటివాళ్లే ఇంకా ఇంకా వచ్చి చేరారు. అయినా కాళ్ల కింద తడే.

"కొందరు కిందికి వెళ్లి, తలకిందులుగా మా కాళ్లకి కాళ్లు ఆనించండి" అంది తిన్నమ్మ.

రెండు వరుసల మధ్య కాళ్లన్నీ పొడిగా ఉన్నాయి. అంచుల్లో వాళ్లు మాత్రం, "మేం తడిసిపోతున్నాం!" అని అరిచారు.

"ఎవర్నీ వదిలెయ్యం. అందరూ వంగండి, అంచుకి అంచు కలపండి!" అంది తిన్నమ్మ.

చాపలాంటి ఆ వరుసలు మెల్లగా వంగి, బుడగలా మూసుకున్నాయి. ఇక ఎవరి కాళ్లకీ తడి తగల్లేదు. లోపల కాసిని నీళ్లు ఉండిపోయాయి.

"ఓసి పిచ్చిపిల్లల్లారా, నన్నూ లోపల పెట్టేశారేమే?" అని నీళ్లవ్వ నవ్వింది.

"ఉండు అవ్వా. లోపలి వరుసలో మా వాళ్ల తలలకి నువ్వు కావాలిగా" అంది తిన్నమ్మ.

అప్పటినుంచే పెద్ద తల, సన్నకాళ్ల నలుసులు నీళ్లలో ఉండలు కడతాయి. తిన్నని నలుసులు రెండు వరుసలై, వంగి, బుడగలవుతాయి. ఆ బుడగల కడుపులో ఈనాటికీ కాసిని నీళ్లు హాయిగా కాపురముంటాయి.