కోడి కాలికి బాతు వేసిన ముడి

చెరకుతోటని ఆనుకుని ఒక పశువుల పాక. అందులో ఒక బాతు, ఒక కోడిపెట్ట, ఒక ముసలి ఎద్దు ఉండేవి. బాతుకి గుడ్లు పెట్టడం వచ్చు గానీ పొదగడం చేతకాదు. కాసేపు కూర్చుంటుంది, కాలవలో నీళ్ళ చప్పుడు వినబడగానే లేచిపోతుంది. అప్పటికే రెండు విడతల గుడ్లు అలాగే చల్లారిపోయాయి.

కోడి గుడ్లని ముంగిస తినేసింది. కోడి ఒళ్ళు మాత్రం ఇంకా పొదుగు వేడి మీదే ఉంది. పైగా పాక కప్పు కారుతుంది, వానాకాలం తలదాచుకోవడానికి దానికి గూడు లేదు.

"నా గుడ్లు పొదిగిపెట్టు చెల్లీ. పిల్లలు నాకు, నా గూట్లో సగం నీకు," అంది బాతు.

"సరే అక్కా. పిల్లలు నీ వెనక నీళ్ళలోకి దిగిన రోజు నేను అడ్డం రాను."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బాతుకి భయం. కోడిగుడ్డు కంటే బాతుగుడ్డుకి ఇంకో వారం ఎక్కువ పొదుగు కావాలి. కోడి తన అలవాటు ప్రకారం ముందే లేచిపోతే? చెరకుతోటలో నక్కకి ఒప్పందాల సంగతి బాగా తెలుసని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు, నక్కే పెట్టుకుని ఉంటుంది. బాతు కాలవ మధ్యలోనే ఉండి, గట్టు మీది నక్కని సలహా అడిగింది.

"పిల్లలు పుట్టేదాకా కోడి గుడ్ల బుట్టలోంచి లేవకూడదు. మేతకి కూడా లేవకూడదు. ఆ షరతు పెట్టు," అంది నక్క.

బాతు, కోడి కలిసి ఎద్దు దగ్గరికి వెళ్ళాయి. అక్కడ తగువులు తీర్చేది అదే. ఎద్దు నెమరు ఆపి అంతా విన్నది.

"పిల్లల్ని అప్పగించడం, గూడు ఇవ్వడం, ఈ మాట మీలో ఎవరు తప్పినా నేను నిలదీస్తాను. లేవకూడదన్న షరతు మాత్రం నా దగ్గర చెల్లదమ్మా. అది కోడి ఒళ్ళు. ఆకలేసినా భయమేసినా దానికే తెలుస్తుంది."

"కోడి ఒప్పుకున్నా చెల్లదా పెద్దయ్యా?" అంది బాతు.

"ఒప్పుకున్నా చెల్లదు."

"రోజుకోసారి లేవకపోతే నా కాళ్ళు పడిపోతాయక్కా," అంది కోడి మెల్లగా.

బాతు మొహం మాడ్చుకుని మళ్ళీ నక్క దగ్గరికి పోయింది. నక్క నవ్వింది. "ఎద్దు ఆపకపోతే తాడు ఆపుతుంది."

మర్నాడు బాతు కోడి కాలికి కొబ్బరితాడు కట్టి, రెండో కొస బుట్టకి బిగించింది.

"ఇంత నమ్మకం లేకపోతే ఎలాగక్కా?"

"నమ్మకం లేక కాదు చెల్లీ. నా మనసు కుదుట పడాలిగా."

కోడి ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది? వానలు మొదలయ్యాయి, గూడేమో బాతుది.

ఒక ముసురు మధ్యాహ్నం ఎద్దు దుక్కికి పోయింది, బాతు కాలవలో ఉంది. నక్క తీరిగ్గా పాకలోకి వచ్చింది.

"ఏం మామా, ఇలా వచ్చావు?" అంది కోడి.

"షరతు ఎలా నడుస్తోందో చూసి పోదామని."

పొదుగు మీదున్న కోడి కుక్కనైనా తరిమి పొడుస్తుంది, కుదరకపోతే ఎగిరి దూలమెక్కుతుంది. ఈ కోడీ ఎగిరింది. తాడు దాన్ని లాగి కింద పడేసింది. అక్కా అని అరిచింది. బాతు వచ్చేసరికి నక్క కోడి మెడ పట్టి తోట వైపు ఈడుస్తోంది. కాలికి కట్టిన బుట్ట కూడా వెనకే దొర్లుకుంటూ పోయింది. గుడ్లు గుమ్మం దగ్గర కొన్ని, గట్టు మీద కొన్ని పగిలాయి. లోపలి పిల్లలకి అప్పటికే కాళ్ళు, ముక్కులు వచ్చాయి.

"ఆ బుట్ట వదిలెయ్ మామా, నా గుడ్లు," అని ఏడుస్తూ వెంటపడింది బాతు.

నక్క కోడిని కాలి కింద తొక్కిపెట్టి వెనక్కి చూసింది. "ముడి నేను వెయ్యలేదుగా. నువ్వే వచ్చి విప్పుకో."

బాతు అడుగు ముందుకు వెయ్యలేకపోయింది. నక్క తోటలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఎద్దు ఇంటికొచ్చింది. "నక్క నన్ను మోసం చేసింది పెద్దయ్యా, నాకు న్యాయం చెప్పు," అంది బాతు.

"నీ న్యాయం తర్వాత చూద్దాం. కోడి ఏది?"



బిడ్డనిస్తానన్నవాళ్ళ మాట మీద మనకి హక్కుంటుంది, వాళ్ళ ఒంటి మీద ఉండదు.