అద్దాల బీరువాలో రౌటర్

బొబ్బిలిలో మా గురువు కూర్మాచారిగారికి ఒక అలవాటుంది. ఫలానా వస్తువు కొనమంటారా అని ఎవరైనా అడిగితే ఆ వస్తువు గురించి మాట్లాడరు. లేచి వాళ్లింటికి వెళ్లి కూర్చుంటారు.

ఒకనాటి సాయంత్రం పాఠం కాగానే సన్యాసిరాజు అడిగాడు. ఆయన రిటైరైన తహసీల్దారు. "గురువుగారూ, తీగలో వచ్చే నెట్‌ను అందుకునే మోడెం, దాన్ని ఇల్లంతా పంచే రౌటర్, రెండూ ఒకే పెట్టెలో ఉన్నది కొనమంటారా, విడివిడిగానా? ఎన్ని మార్చినా మా వెనక గదికి నెట్ అంది చావడం లేదు."

ఆ వెనక గదిలో ఆయన కోడలు ప్రసూన కంప్యూటర్ ముందు కూర్చుని ఊరూరి పిల్లలకు లెక్కలు చెబుతుంది. పాఠం మధ్యలో నెట్ పోతోందని తల్లిదండ్రులు గొడవ పెడితే, ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం తీసేస్తామని కంపెనీవాళ్లు చెప్పేశారు.

మర్నాడు గురువుగారి వెంట నేనూ వెళ్లాను. ఇంట్లో అడుగు పెట్టగానే నాకు ఒళ్లు మండింది. రౌటర్‌ను హాల్లో అద్దాల బీరువాలో, ఇత్తడి ఏనుగుల మధ్య, కుంకుమబొట్టు పెట్టి మరీ కూర్చోబెట్టారు. తీగను వెనక గది దాకా లాగుతానని నెట్ బిగించినతనే అన్నాడట. కొత్త రంగు వేసిన గోడకు చిల్లు పెట్టనివ్వనన్నాడట రాజు. ఏసీ కోసం అదే గోడకు చిల్లు పెట్టించలేదూ? టీవీ కోసం పెట్టించలేదూ? అప్పుడు పాడవని గోడ కోడలి కోసమంటే పాడైపోతుందా! పోనీ ఆమెను హాల్లో కూర్చోనివ్వచ్చు కదా అన్నాను. "వచ్చేపోయేవాళ్ల ముందు ఇంటి కోడలు గొంతెత్తి పాఠాలేమిటండీ" అన్నాడు. ఆమె జీతం మాత్రం పనికొచ్చింది పెద్దమనిషికి!

గురువుగారు బీరువా వైపు చేయి చూపించారు. "రాజూ, నువ్వా బీరువా దగ్గరే నిలబడి నిన్నటి ప్రశ్న మళ్లీ అడుగు" అని చెప్పి, వెనక గదిలోకి వెళ్లి, ప్రసూన పక్కన బియ్యం బస్తా మీద కూర్చుని, నాచేత లోపల్నుంచి తలుపు వేయించారు. రాజు అడిగాడు. నేను తలుపు తీసి తల బయటపెట్టి, "వినపడలేదట" అన్నాను. గట్టిగా అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ పని నాకు భలే నచ్చింది. చివరికి రాజు "మోడెం! రౌటర్!" అని గావుకేకలు పెడుతుంటే పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

"ఇంక నావల్ల కాదు బాబూ, లోపలికే వచ్చి అడుగుతాను" అంటూ ఆయన రొప్పుతూ గదిలోకి వచ్చాడు. నూనె డబ్బా మీద ఉన్న కోడలి కంప్యూటర్‌ను ఆయన చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

మామగారి ముందు ఎన్నడూ నోరెత్తని ప్రసూన లేచి నిలబడింది. "మావయ్యగారూ, ఈ కాసేపటికే మీ గొంతు పోయింది. రేపోమాపో నా ఉద్యోగం పోతుంది. ఆ గోడకైనా చిల్లు పెట్టించండి, నన్నైనా హాల్లో కూర్చోనివ్వండి."

రాజు తల దించుకున్నాడు. అయినా బుద్ధి ఊరుకుంటుందా! బొంగురు గొంతుతో, "అయితే గురువుగారూ, ఏ పెట్టె కొనమంటారు?" అన్నాడు.

గురువుగారు పంచె దులుపుకుని లేచారు. "అమ్మాయి చెప్పింది వినపడిందా?"

"వినపడిందండి."

"ఏ పెట్టె పెట్టుకుని విన్నావు?"