తొందరలో తెరిచిన తెర

ముప్పాతిక వంతు పని అయిపోయాక మనిషి మొదటి రోజుకన్నా ఎక్కువగా ఎందుకు అలిసిపోతాడు? చెప్పండి, మీలో ఎవరి దగ్గరైనా జవాబుందా? సుమేధ దగ్గర లేదు. అందుకే ఆ ప్రశ్న పట్టుకుని తన గురువు సుదర్శనరావు గారి బల్ల ముందు నిలబడింది.

కాకినాడలో వాళ్లది ప్రెస్సులకు పేజీలు కట్టిపెట్టే సాఫ్ట్‌వేర్. అందులో కిటికీలు, బటన్లు, మెనూలు గీసే పాత టూల్‌కిట్‌ను తయారుచేసినవాళ్లే వదిలేశారు. ఇక రాబోయే కంప్యూటర్లలో అది నడవదు. తెరలన్నిటినీ కొత్త టూల్‌కిట్‌లోకి మార్చే పని సుమేధ నెత్తిన పడి రెండేళ్లయింది. జనం ఇబ్బంది పడకూడదని పాత తెర, కొత్త తెర రెండూ ఉంచారు. దాంతో ప్రతి మరమ్మతూ రెండుసార్లు చెయ్యాలి. అయినా ప్రెస్సులవాళ్లు ఫోన్ చేసి, "అమ్మాయ్, కొత్తదాంట్లో వత్తులు పక్క అక్షరం మీదికెక్కి కూర్చుంటున్నాయి. మాకు పాతదే ఉంచు, నీకు పుణ్యముంటుంది," అంటారు.

"వాళ్లకు మార్పంటే భయం సార్," అంది సుమేధ. "వాళ్లు మారరు, ఈ పని తెమలదు. ఇక నావల్ల కాదు, ఇంకెవరికైనా అప్పగించండి."

ప్రశ్నతో వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టడం ఆయన అలవాటు. "అలాగేలే. వెళ్లేముందు మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కార్డు వేసిపెట్టమ్మా. ప్రెస్ అతను బయట కూర్చున్నాడు, కాస్త తొందర," అన్నారు.

సుమేధ కుర్చీలో కూలబడింది. ఒళ్లంతా నీరసమే గానీ వేళ్లకు లేదు. టీ చల్లారకముందే కార్డు తయారైంది. వత్తులన్నీ బుద్ధిగా వాటి చోట ఉన్నాయి.

ఆయన చూసి తలాడించారు. "ముచ్చటగా ఉంది. ఏ తెర మీద వేశావు?"

"పాతదాని మీదే సార్. తొందరన్నారు కదా..."

వెనక బల్లల దగ్గర నలుగురు నవ్వబోయి, ఎవరి కంప్యూటర్ వైపు వాళ్లు చూసుకుని ఊరుకున్నారు. కొత్త తెరను సుమేధ పరీక్షించింది, పదిమందికి చూపించింది, దాని తరఫున వాదించింది. దాని మీద తన సొంత పని ఎప్పుడు చేసుకుందో మాత్రం గుర్తురాలేదు.

సుదర్శనరావు గారు కళ్లజోడు తీసి మెల్లగా తుడుచుకున్నారు.

"ప్రెస్ అతన్ని కాసేపు కూర్చోమంటాను. ముందు నా కంప్యూటర్‌లోంచి ఆ పాతది తీసెయ్యండి, తర్వాత మీ మీ వాటిలోంచి. కార్డు అప్పుడు మళ్లీ వెయ్యమ్మా."