నూట ఇరవై రెండు రోజుల మనిషి

చెన్నబసప్పకు ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే దిగులు. కంబళ్లు నేసేవాళ్లకు రెండు వారాల కూలి బాకీ పడింది. మూడో వారం కూడా ఇవ్వకపోతే మగ్గాలు ఆపేస్తామని కబురు పెట్టారు. గల్లాపెట్టెలో చూస్తే చిల్లర తప్ప ఏమీ లేదు.

ఆదోని బజారులో ఆ కంబళ్ల అంగడి జమాల్ వలీ సాహెబ్‌ది. ఆయన సూఫీ గురువు. గురువారం సాయంత్రం పదిమంది ఆయన చుట్టూ చేరి దేవుడి మాటలు వింటారు. మిగతా రోజుల్లో ఆ పదిమందే వచ్చి కంబళ్లు బేరమాడతారు. రెండు చోట్లా ఆయన గొంతు ఒకటే.

చెన్నబసప్ప ఆయన శిష్యుడు. జూనియర్ కాలేజీలో పదిహేనేళ్లు అకౌంట్స్ పాఠం చెప్పాడు. ఆ కాలేజీ మూతపడ్డాక సాహెబ్ దగ్గర చేరి అంగడి లెక్కలు రాస్తున్నాడు. ఉద్యోగం పోయి ఆరేళ్లయినా పాఠం చెప్పే అలవాటు మాత్రం పోలేదు. చింత చచ్చినా పులుపు చావదు కదా. సాహెబ్‌కు ఆ పులుపంటే భలే ఇష్టం.

"బాబా, ఒక్కసారి ఇది వినండి," అంటూ చెన్నబసప్ప నోటుపుస్తకం పట్టుకొని వచ్చాడు.

"వినిపించు నాయనా."

"పోయిన సంవత్సరం మనం అమ్మిన సరుకు, మనకు పడిన ఖరీదులో, నాలుగు లక్షల ఎనభై వేలు. అంగడిలో సగటున నిలవ ఉండే సరుకు రెండు లక్షల నలభై వేలు. దాన్ని దీంతో భాగిస్తే రెండు. అంటే మన సరుకు ఏడాదికి రెండుసార్లే అమ్ముడుపోయి తిరుగుతోంది. పక్కన బట్టల అంగడిలో ఐదారు సార్లు తిరుగుతుంది."

సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. "వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి. మూడోసారి తిరగాలంటే ఆదోని ఎండల్లో కంబళి కప్పుకునేవాణ్ణి యాడ నుంచి తేవాల?"

చెన్నబసప్పకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. గురువుగారు ఇట్లా నవ్వించి లెక్క తప్పించుకోవడం చెన్నబసప్పకు కొత్త కాదు.

"సరే, దాన్ని వదిలేద్దాం. అసలు సంగతి ఇది. అప్పు మీద అమ్మింది మూడు లక్షల అరవై వేలు. జనం దగ్గర సగటున నిలిచిపోయిన బాకీ లక్షా ఇరవై వేలు. భాగిస్తే మూడు. మూడొందల అరవై ఐదు రోజుల్ని ఆ మూడుతో భాగిస్తే నూట ఇరవై రెండు. మన ఖాతాదారుడు కంబళి పట్టుకుపోయి నూట ఇరవై రెండు రోజులకు డబ్బు కడుతున్నాడు బాబా! నేతగాళ్లేమో వారం కూడా ఆగరు. అంగడి మునిగేది ఇక్కడే."

లెక్కలో తప్పు లేదు. సాహెబ్ కూడా ఒప్పుకున్నట్టే తల ఊపాడు.

"ఏం చేద్దామంటావు?"

జవాబు చెన్నబసప్ప అప్పటికే రాసిపెట్టుకున్నాడు. అట్టముక్క మీద ఎర్ర సిరాతో, నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో: 'గొర్రెల కాపరులకు అప్పు లేదు.' తగిలించడానికి మేకు కూడా తెచ్చాడు.

"అందరికన్నా ఆలస్యం వాళ్లదే బాబా. దీపావళి పోగానే వచ్చి తీసుకుంటారు. మందల్ని తోలుకొని దూరం పొలాలకు పోతారు. మళ్లీ మొహం చూపించేది తొలకరికే."

ఆ మాటలన్నీ మెట్ల దగ్గర నిలబడిన గాదిలింగప్పకు వినబడుతూనే ఉన్నాయి. గాదిలింగప్ప గొర్రెల కాపరి. మందను ఊరి బయట ఆపి వచ్చాడు. ఆయనకూ ముగ్గురు కొడుకులకూ కలిపి నాలుగు కంబళ్లు కావాలి. డబ్బు తొలకరికి. చెప్పులు విడిచిన చోటే ఆగిపోయి, లోపలికి రావాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేక తలగుడ్డ సర్దుకుంటున్నాడు.

"ఈ యేడు మంచు జాస్తి అంటాండారు సారూ," అన్నాడు మెల్లగా. "మేం పండుకునేది చేన్లల్లోనే కదా."

చెన్నబసప్ప ఆ వైపు చూడలేదు. చూస్తే అట్ట తగిలించలేడని ఆయనకు తెలుసు.

సాహెబ్ ఎదురు హోటలుకు కేకేసి మూడు టీలు తెప్పించాడు. ఒకటి తను తీసుకున్నాడు. ఒకటి చెన్నబసప్పకు ఇచ్చాడు. మూడో గ్లాసు ఖాళీ స్టూలు మీద పెట్టాడు.

"ఇదెవరికి బాబా?"

"నూట ఇరవై రెండు రోజులకు డబ్బు కట్టేవాడికి. ఎవరో చూసి పిలువు. మన అంగడి ముంచేవాడు ఎట్లుంటాడో నేనూ చూస్తా."

చెన్నబసప్ప ఉత్సాహంగా ఖాతా పుస్తకం తెరిచాడు. హమాలీ ఓబులేసు, తొమ్మిది రోజులకు కట్టాడు. బడి టీచరమ్మ, జీతం పడగానే, ఇరవై రోజులకు. టైలర్ మహబూబ్, పన్నెండు. గాదిలింగప్ప, రెండువందల ముప్పై. అంతకు ముందు యేడూ ఇంచుమించు అంతే. ఇంకా వెనక్కి తిప్పితే వాళ్ల నాయన పేరు మీదున్న పుటలోనూ అంతే, పైసా మిగలకుండా.

"టీ చల్లారతాంది," అన్నాడు సాహెబ్.

"ఉండండి బాబా, దొరుకుతాడు."

దొరకలేదు. వంద రోజులకూ నూట యాభై రోజులకూ మధ్య ఒక్క పేరూ లేదు. పదిహేనేళ్లు ఆ భాగహారం నేర్పాడు గానీ, అందులోంచి వచ్చిన మనిషిని చూడాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

చివరికి ఒక పుట దగ్గర వేలు ఆగింది. గబుక్కున పుట తిప్పేశాడు.

"ఎవరాయన?"

"నూట ఇరవై రెండు కాదు బాబా."

"కాకపోతే మాన్లే. ఎవరు?"

"లాడ్జి సుధాకరయ్య. నలభై కంబళ్లు, నలభై వేలు. రెండేళ్లు దాటింది."

"అడిగినావా?"

చెన్నబసప్ప తల వంచుకున్నాడు. "లేదు బాబా. నేను పోతే ఆయన లేచి కుర్చీ వేస్తాడు. 'రండి లెక్చరర్ గారూ' అంటాడు. ఈ ఊళ్లో నన్నింకా అట్లా పిలిచేది ఆయనొక్కడే." ఖాతా పుస్తకం మూశాడు. "కూర్చుంటాను, కాఫీ తాగుతాను, వచ్చేస్తాను."

సాహెబ్ ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు.

తర్వాత చెన్నబసప్ప లేచాడు. అట్టముక్కను రెండుగా చింపి చెత్తబుట్టలో వేశాడు. మెట్ల దాకా వెళ్లి, గాదిలింగప్ప చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొచ్చి, స్టూలు మీది గ్లాసు పక్కన పెట్టి కూర్చోబెట్టాడు.

"టీ చల్లారిపోయింది. ఇంకోటి తెప్పిస్తా."

"ఏం కాదు సారూ," అంటూ గాదిలింగప్ప గ్లాసు అందుకొని ఒక్క గుక్కలో తాగేశాడు.

బాగా దట్టంగా నేసిన కంబళ్లు నాలుగు చెన్నబసప్ప స్వయంగా ఏరి ఇచ్చాడు. ఖాతాలో రాసి చదివి వినిపించాడు. గాదిలింగప్ప కంబళ్లు భుజాన వేసుకొని, ఇద్దరికీ దండం పెట్టి మంద దగ్గరికి పోయాడు.

నేతగాళ్ల కూలి సంగతి మాత్రం అట్లాగే ఉంది. చెన్నబసప్ప ఖాతా పుస్తకం చంకలో పెట్టుకొని, వెళ్లలేక వెళ్లలేక లాడ్జి వైపు అడుగు వేశాడు.

"ఆగు నాయనా," అంటూ సాహెబ్ టోపీ సర్దుకొని లేచాడు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను మాత్రం అడిగినానా? నన్ను చూస్తే సుధాకరయ్య వంగి కాళ్లకు దండం పెడతాడు. నాకు అదే చాలనిపిస్తాది. దీవించి వచ్చేస్తా."

చెన్నబసప్ప ఆశ్చర్యంగా గురువు మొహంలోకి చూశాడు. ఆయన సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు.

"ఒక్కడివే పోతే నువ్వు కుర్చీలో కూచోని తిరిగొస్తావు. ఒక్కణ్ణే పోతే నేను దండం పెట్టించుకోని తిరిగొస్తా. పద, ఇద్దరం పోదాం. నిలబడే అడుగుదాం."