అడగకుండా పెట్టిన టిక్కు

మండపేటలో ఒక పళ్ళ ఆసుపత్రిలో వీరవేణి అనే ఆవిడ పనిచేస్తుండేది, ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళ సంగతంతా తనకు తెలుసని ఆవిడకు మహా ధీమా. పళ్ళ ఆసుపత్రికి వెళ్ళి నోరు తెరవకుండా ఎలాగా అని నవ్వకండి. ఇది నవ్వే కథ కాదు.

ఆ ఆసుపత్రిలో ప్రతి మనిషికీ ఒక అట్టకార్డు ఉండేది. ముందువైపు పళ్ళ బొమ్మ. వెనకవైపు ఒంటి సంగతులు. షుగరుందా, బీపీ ఉందా, గుండెకు ఏమైనా జరిగిందా, ఏ మందులు వాడుతున్నారు, ఏ మందు పడదు, ఇలాంటివన్నీ. అన్నిటికన్నా కింద ఒక గడి. 'కిందటిసారి వచ్చి వెళ్ళాక ఏమైనా మారిందా?' మనిషి వచ్చిన ప్రతిసారీ ఆ మాట అడిగి, జవాబు రాసి, తేదీ వెయ్యాలి. డాక్టరు శేషుకుమార్ పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతే. పంటికీ గుండెకీ ఏం సంబంధం అనుకుంటాం గానీ, నోరు కూడా ఒంట్లోదే కదా మరి!

వీరవేణి ఏం చేసేదంటే, సాయంత్రం ఆసుపత్రి మూసేముందు మర్నాడు రాబోయేవాళ్ళ కార్డులు తీసి పెట్టుకునేది. పాతవాళ్ళందరికీ వరసగా 'మార్పు లేదు' అని టిక్కులు పెట్టేసి, రాసిన రోజు తేదీ కూడా వేసేసేది. పొద్దున్నే జనం విరగబడతారు, అప్పుడెక్కడ అడుగుతూ కూర్చుంటాం అని ఆవిడ ఆలోచన.

"ఎనిమిదేళ్ళనుంచి ఇక్కడే ఉన్నాను. ఎవరికి ఏముందో నాకు తెలీదా?" అనేది.

ఆ ఎనిమిదేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. అదే కొంప ముంచింది.

ఆ ఊళ్ళోనే తాతబ్బాయి అని సన్నాయి వాయించే పెద్దమనిషి ఉండేవాడు. అరవై దాటాయి. అయినా బుగ్గలు పూరించి ఊదాడంటే, వడ్డిస్తున్న వాళ్ళు కూడా గరిటె ఆపి వినేవారు. మాఘమాసం ముహూర్తాలు ఇరవై రోజుల్లో ఉన్నాయనగా ఆయనకు కింది దవడ పన్ను పోటెత్తింది. సన్నాయి నోట పెడితే చాలు, నొప్పి చెవిదాకా లాగేసేది. సోమవారం మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోన్ చేసి మర్నాడు వస్తానని చెప్పాడు. మంగళవారం పొద్దున్నే భార్య సూరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"రండి రండి బాబాయిగారూ! మూడేళ్ళయింది మీరు కనపడి. మా మీద కోపమా?" అంది వీరవేణి.

"పన్ను మీద కోపం తల్లీ," అన్నాడు తాతబ్బాయి చెంప పట్టుకుని. "పీకించెయ్యి. మాఘం నెత్తి మీదకొచ్చింది. నేను ఊదకపోతే మేళంలో అయిదుగురూ పస్తే."

"ఇరవై రోజులంటే బోలెడు టైము. పదిరోజుల్లో గుంట పూడిపోతుంది."

"అది సరేగానీ అమ్మా, ఇక్కడికొచ్చి వెళ్ళాక నేను బాత్రూములో జారిపడ్డాను. నడుం ఎముక..."

"అయ్యో, నడుం డాక్టరు పక్కవీధిలో ఉంటారండీ! మాది నోటివరకే," అని నవ్వేసింది వీరవేణి.

వెనక బెంచీ మీదివాళ్ళు కూడా నవ్వారు. తాతబ్బాయికీ నవ్వొచ్చింది. సూరమ్మ మాత్రం వదల్లేదు.

"అది కాదమ్మా. కాకినాడలో ఎముకలకని ఏదో ఇంజెక్షను..."

"మీ కార్డు రాసేశాను పిన్నిగారూ. కూర్చోండి, పిలుస్తాను."

సూరమ్మ కూర్చుంది. ఆ ఒక్క మాట పూర్తయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సంగతేమిటంటే, రెండేళ్ళ కిందట పడ్డప్పుడు తాతబ్బాయి ఎముకలు గుల్లబారాయని తేలింది. కాకినాడ డాక్టరు ఆరు నెలలకోసారి ఒక ఇంజెక్షను చేస్తున్నాడు. ఎముకలకు అది మంచిదే. కాని ఆ మందు వేయించుకుంటున్నవాళ్ళలో కొందరికి, పన్ను పీకితే ఆ చోట దవడ ఎముక మానదు. మానకపోగా చచ్చుబడిపోతుంది. అందుకే అలాంటివాళ్ళకు పన్ను పీకాలంటే పళ్ళ డాక్టర్లు పదిసార్లు ఆలోచిస్తారు. వీలుంటే వేరుకు వైద్యం చేసి ఆ పన్నునే నిలబెడతారు.

డాక్టరు శేషుకుమార్ కార్డు తిప్పాడు. 'మార్పు లేదు' అని ఉంది. "ఏ పన్నండీ?" అని మాత్రం అడిగాడు. పీకేశాడు. అయిదు నిమిషాల పని.

పదిరోజులైంది. పూడలేదు. ఇరవై రోజులైంది. బుగ్గ వాచింది. అయినా తాతబ్బాయి మొదటి ముహూర్తానికి వెళ్ళాడు, ఒప్పుకున్న మాట కదా అని. పీటల మీద జంట కూర్చున్నారు. ఆయన సన్నాయి ఎత్తి రెండుసార్లు ఊదాడు. మూడోసారి నోట్లోంచి చీమూ నెత్తురూ కారి చొక్కా మీద పడ్డాయి. పక్కనున్న ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. ఆయన తువ్వాలుతో మూతి కప్పుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. తాళి కట్టేవేళకు డోలు ఒక్కటే మోగింది.

మర్నాడు సూరమ్మ ఆయన్ని తీసుకుని మళ్ళీ పళ్ళ ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు నోరు తెరిపించి చూశాడు. చిగురు మూసుకోలేదు. పన్ను పీకిన గుంటలో పచ్చగా ఎముక కనిపిస్తోంది. కుళ్ళిన వాసన. డాక్టరు ముఖం పాలిపోయింది.

"మీరు ఎముకలకు ఏమైనా మందు వాడుతున్నారా?" అన్నాడు.

సూరమ్మ అంతా చెప్పింది. డాక్టరు వీరవేణిని పిలిచాడు.

"వేణీ, ఈయన్ని అడిగావా?"

"అడిగానండీ," అంది వీరవేణి, నేల చూస్తూ. "ఏమీ లేదన్నారు."

తాతబ్బాయి నోట్లో దూది ఉంది. మాట్లాడే వీల్లేదు. ఆవిడ వంక అలా చూశాడంతే.

"ఎప్పుడన్నారమ్మా?" అంది సూరమ్మ. "ఆయన చెప్పబోతే నడుం డాక్టరు పక్కవీధి అన్నావు. నేను చెప్పబోతే కూర్చోమన్నావు. నీతోపాటు ఈయనా నవ్వారు కదమ్మా!"

డాక్టరు కార్డు తీసి చూశాడు.

"పన్ను పీకింది మంగళవారం. నువ్వు అడిగినట్టు వేసిన తేదీ సోమవారానిది. సోమవారం ఈయన మన గడపే తొక్కలేదు. ఎవర్ని అడిగావు?"

వీరవేణి కార్డు అందుకుని, ఆ తేదీ చూసి, బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"నా తప్పూ ఉంది," అన్నాడు డాక్టరు, స్టూలు మీద కూలబడి. "కార్డుని నమ్మి నోరు తెరిపించాను. ఒక్క మాట నేనూ అడిగి ఉండాల్సింది."

కాకినాడలో తాతబ్బాయికి రెండు ఆపరేషన్లు చేశారు. దవడలో ఒక పక్క ముక్క కోసి తీసేశారు. ప్రాణం దక్కింది. కాని ముఖం ఒక వైపుకి కుంగిపోయింది. పెదాలు బిగుసుకోవు, గాలి నిలవదు. గంజి తాగినా సగం పక్కనుంచి కారిపోయేది. ఇక ఈ జన్మకు సన్నాయి లేదని పెద్ద డాక్టరు చెప్పేశాడు. మేళంలో ఇద్దరు రైసుమిల్లులో బస్తాల పనికి పోయారు. డోలాయన ఆటో తోలుకుంటున్నాడు.

వానాకాలంలో సూరమ్మకు పన్ను నొప్పి వచ్చింది. ఊళ్ళో వేరే పళ్ళ డాక్టర్లు లేకపోలేదు. అయినా ఆవిడ అక్కడికే వెళ్ళింది. ఆవిడను చూడగానే వీరవేణి లేచి నిలబడింది.

"కూర్చోండి పిన్నిగారూ."

"కూర్చోను. ముందు నన్ను అడుగు."

"ఏమిటండీ?"

"మా ఆయన్ని అడగనివన్నీ. ఒక్కటీ వదలకు."

వీరవేణి కొత్త కార్డు తీసింది. షుగరుందా అంది. బీపీ ఉందా అంది. ఎప్పుడైనా పడ్డారా, ఏవైనా ఇంజెక్షన్లు చేయించుకున్నారా, ఏ మందైనా పడదా అని వరసగా అడిగింది. సూరమ్మ ఒక్కొక్కదానికీ నిలబడే జవాబు చెప్పింది. అంతా రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"ఇంతేనా?" అంది సూరమ్మ.

"ఇంతేనండీ," అంది వీరవేణి. ఆ మాట అంటూనే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. సూరమ్మ ఓదార్చలేదు. తిట్టనూ లేదు. తన పిలుపు కోసం వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

నిన్నటి సంగతి తెలుసు కదా అని ఇవాళ మనిషిని అడగడం మానేయకూడదు. మనం బద్ధకించి అడగని మాటకు శిక్ష పడేది మనకు కాదు, మనల్ని నమ్మి వచ్చినవాళ్ళకు.