తవిటయ్యకు మోగని డప్పు

ఓడలు పొగ తాగుతూ నడిచిన కాలం. అప్పటికి మా తాత కూడా పుట్టలేదు, మీ తాత సంగతి మీరే లెక్కేసుకోండి. సముద్రానికి అవతల, మనవాళ్ళు రంగం అని పిలిచే బర్మా దేశంలో, బియ్యం మిల్లు కూలీల ఇళ్ళ వరసలో తవిటయ్య పుట్టాడు.

ఊ కొడుతున్నారా? కొట్టండి. ఇది కుదురుగా కూర్చున్నవాడి కథ కాదు.

పిల్లవాడికి నడక వచ్చిన ఏడాదే తండ్రి పోయాడు. ఆయనా రంగంలోనే పుట్టినవాడు, ఈ ఒడ్డున ఆయనకంటూ ఊరు లేదు. తల్లి పైడమ్మ వాణ్ణి చంకనేసుకుని ఓడెక్కి, ఈ ఒడ్డున అన్నగారి ఊరు చేరింది. తవిటయ్య అక్కడే పెరిగాడు. పెరిగాడంటే ఏముంది, తంతూ పెరిగాడు. తాటిటెంక కనపడితే తన్నేవాడు, కొబ్బరి డొక్క కనపడితే తన్నేవాడు, ఏదీ లేకపోతే గాలిని తన్నేవాడు.

"కూడు తింతున్నా కాళ్ళాగవేట్రా నీకు?" అనేది పైడమ్మ.

ఆ రోజుల్లో బంతాటకు ఒక కట్టుబాటు ఉండేది. గోలు కొట్టినవాడి ఊరి డప్పు మోగాలి. ఊరంటే తండ్రి ఊరే, మేనమామ ఊరు పనికిరాదు. తవిటయ్య గోలు కొట్టాడు. జనం లేచారు గానీ డప్పు మోగలేదు.

"తాతా, ఒక్క దెబ్బ కొట్టవా?" అని డప్పు కొట్టే తాతను అడిగాడు.

"మీ అయ్యదే ఊరు?"

"రంగం."

"అయితే రంగంలోనే మోగించుకో నాయినా. నాను కొడితే పెద్దలు ఊరుకోరు."

ఆ మాట వాడి అరికాల్లో ముల్లులా ఉండిపోయింది. తల్లి కన్నుమూశాక ఓడెక్కేశాడు. పుట్టిన దేశంలో బంతి తన్నితే జీతమిస్తారట! మనవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు.

మొదట బియ్యం మిల్లు జట్టులో చేరాడు. మూలనుంచి ఎడమ కాలితో కొడితే బంతి వంకర తిరిగి గోలులో పడేది. ఆ దేశపువాళ్ళకు కంచు గంటలుండేవి. తమవాడు గోలు కొడితే గంట మోగించేవారు. తవిటయ్య కొట్టాడు, గంట మోగలేదు.

"నేనిక్కడే పుట్టాను" అన్నాడు, వచ్చీరాని వాళ్ళ భాషలో.

"నువ్వు ఓడలో వచ్చావు కదా!" అని వాళ్ళు నవ్వారు. "మీవాళ్ళ డప్పులున్నాయిగా!"

నిజమే, ఉన్నాయి. మన కూలీలు ఊరికో వరసగా కాపురముండేవారు, వరసకో డప్పు. తవిటయ్య అక్కడికీ వెళ్ళాడు.

"ఏ ఊరోడివి?"

"రంగమే."

"మరయితే గంటలోళ్ళనడుగు."

జట్టు మారితే రాత మారుతుందనుకున్నాడు. నూనె కంపెనీ జట్టుకు వెళ్ళాడు. గోలు కొట్టాడు, గంట మోగలేదు, డప్పు మోగలేదు. రేవు జట్టుకు వెళ్ళాడు. గోలు కొట్టాడు, గంట మోగలేదు, డప్పు మోగలేదు. ఇక మనిషికి కాలు ఒకచోట నిలవదు. ఆట లేని రోజున రేవు ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉండేవాడు. వాణ్ణి తలుచుకుంటే ఆ డప్పులవాళ్ళని నాలుగు తిట్టాలని ఉంటుంది నాకు.

ఏళ్ళు గడిచాయి. మోకాలు వాచింది. ఒంట్లో జ్వరం ఉండగానే పెద్ద పందెం ఆట వచ్చింది. ఆడొద్దన్నాడు జట్టును నడిపే మేస్త్రీ. వింటాడా? ఆడాడు. చివర్లో బంతి వచ్చింది, ఎడమ కాలు లేచింది, గోలు పడింది. రేవు జట్టు గెలిచింది. మైదానమంతా కేకలు పెడుతుంటే తవిటయ్య కుంటుకుంటూ గంగులు దగ్గరికి వెళ్ళాడు. రేవు కూలీల వరసలో డప్పుకు పెద్ద గంగులే.

"గంగులన్నా, ఇదే నా ఆఖరాట. ఒక్క దెబ్బ."

గంగులు చెయ్యి లేచింది. చుట్టూ తనవాళ్ళు చూస్తున్నారు. చెయ్యి దిగింది.

"ఊరు లేనోడికి ఒక్క సావు డప్పే తమ్ముడూ. దానికి ఊరడగరు" అన్నాడు.

తవిటయ్య తలూపాడు. ఆ జ్వరంతోనే మూడోనాడు పోయాడు.

పాడె లేచింది. గంగులు డప్పుకు సెగ చూపి మెడలో వేసుకున్నాడు. చావుదెబ్బ నెమ్మదిగా పడాలి. గంగులు కర్ర ఎత్తాడు. పడింది చూడండీ, గోలుదెబ్బ! గబగబ, గబగబ, ఆటలో పడే దెబ్బ.

"గంగులూ, తప్పు! శవం ముందర ఆ దెబ్బేటి?" అని పెద్దలు అరిచారు.

"ఇది తప్పు కాదర్రా. ఇన్నేళ్ళూ కొట్టకపోడం తప్పు" అన్నాడు గంగులు ఏడుస్తూ. "ఆడు గోలు కొట్టినాడు. నాను డప్పు కొడతన్నాను. అంతే."

పక్క వరస డప్పు అందుకుంది. దాని పక్క వరస అందుకుంది. దారి పక్కనున్న ఆ దేశపువాళ్ళు ఇళ్ళలోకి పరిగెత్తి గంటలు తెచ్చారు. శ్మశానం దాకా అదే మోత. వినాల్సినవాడు మాత్రం కాళ్ళు కదపకుండా పడుకున్నాడు. ఆ కాళ్ళు ఆగడం అదే మొదలు.

కూలీలు ఓడల్లో తిరిగొస్తూ ఆ దెబ్బను కూడా తెచ్చారు. ఇప్పటికీ మా ఒడ్డున బంతాటలో ఎవరూ ఎరగనివాడు గోలు కొడితే ముందు డప్పు మోగుతుంది. దాన్ని తవిటయ్య దెబ్బ అంటారు. ఏ ఊరని అడిగేది ఆ తర్వాతే. ఎవరైనా ముందే అడగబోతే ముసలాళ్ళు కసురుతారు.

"ముందు కొట్టండ్రా! మడిసి బతికుండగా కొట్టండి!"