సాలమాండర్ మొహమాటం

ఒకప్పుడు సాలమాండర్ ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు. నల్లగా నిగనిగలాడిపోయేది. చూడ్డానికి బల్లిలా ఉన్నా అది కప్పకి చుట్టం. పట్టపగలే దర్జాగా తిరిగేది, ఎవరు పిలిస్తే వాళ్లింటికి వెళ్లేది. రాను అని చెప్పడం దానికి చేతకాదు. అంత మొహమాటం!

ఒక వాన రోజున అది కొండవాగు పక్కన ఓబులమ్మ అవ్వ కంటపడింది. ఆ ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది ఆ అవ్వే. ఆమె కంటికి కోడిపిల్లయినా పసిబిడ్డే.

"అయ్యో తల్లీ, తడిసి ముద్దయిపోయినావే. మా ఇంట్లో పెంచుకుంటా, వస్తావా?" అంది అవ్వ. సాలమాండర్ తల ఊపింది.

ఇక చూడండి మర్యాదలు. అవ్వ దానికి నూనె రాసింది, సున్నిపిండితో రుద్దింది, వేణ్ణీళ్లు పోసింది, మెత్తటి బట్టతో తుడిచింది. జలుబు చేయకుండా అక్కడక్కడా పసుపు అద్ది, సాంబ్రాణి పొగ వేసింది. సాలమాండర్ తుమ్మింది. అప్పుడే జలుబు పట్టేసిందని అవ్వ ఇంకాస్త పొగ వేసింది.

మరి ఎక్కడ ఉంచాలి? ముందు పొడిబట్టలు పరిచి ఉయ్యాలలో పడుకోబెట్టింది. బాగుందా అని అడిగితే, ఒళ్లు బిగుసుకుపోతున్నా బాగుందనే అంది సాలమాండర్. వెచ్చదనం చాల్లేదేమోనని అవ్వ దాన్ని పొయ్యి పక్క గూట్లోకి మార్చింది. అదీ బాగుందంది, కాకపోతే గొంతు పీలగా వచ్చింది. మర్నాడు చేటలో పెట్టి ఎండ తగిలే అరుగు మీద ఉంచింది. పాపం, మన మర్యాదస్తురాలు అప్పడంలా ఎండి కళ్లు తేలేసింది.

అరుగు మూల కడవ కింద తడి ఇసుకలో ఒక కప్ప కాపురం ఉండేది. అది దగ్గరికి గెంతి, ఈ బాధ అవ్వకి చెప్పుకోవడానికి ఏమైందని చుట్టాన్ని నిలదీసింది.

"అవ్వ బాధపడుతుందని చెప్పలేదు," అంది సాలమాండర్.

"నువ్వు చచ్చిపోతే సంబరపడుతుందా?" అంది కప్ప.

అప్పుడు సాలమాండర్ ఉన్న కాస్త ఓపికా కూడగట్టుకుని అవ్వని పిలిచింది. "అవ్వా, నేను చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటాను. అది ఆరిపోతే నేను బతకను."

అవ్వ గబగబా దాని మీద చల్లటి నీళ్లు చిలకరించింది. ఆమెకి ఏడుపొచ్చింది. "ఇంతమంది బిడ్డల్ని పెంచినా. ఏడిస్తే ఆకలో నొప్పో తెలుసుకున్నా. నువ్వు ఏడవనే లేదు కదే తల్లీ!"

వెంటనే నీడలో ఒక పాత బానని పక్కకి ఒరిగించి పెట్టింది. లోపల తడిమన్ను, నాచు, కుళ్లిన ఆకులు వేసింది. సాలమాండర్ పాక్కుంటూ వెళ్లి ఆకుల కింద దూరింది. కాసేపటికి మళ్లీ నిగనిగలాడింది. ఆ పసుపు మాత్రం ఎంత కడిగినా పోలేదు.

అప్పటినుంచే సాలమాండర్ ఒంటి మీద పసుపు మచ్చలున్నాయి, తడి ఆకుల కిందే దాని కాపురం. మనిషి అలికిడయితే చాలు, లోపలికి దూరిపోతుంది. భయమనుకునేరు! పిలిస్తే కాదనడం దానికి చేతకాదు కదా, అందుకే పిలవకముందే దాక్కుంటుంది.